కుడి చెయ్యి తెలుసు, ఎడమ చెయ్యి తెలియదు

మానవ హక్కులన్నీ నెల తిరక్కుండా ఎనిమిదో తరగతి చేత బట్టీ పట్టించేసింది సోషల్ టీచరమ్మ. అదేమన్నా మామూలు పనా! ఆలోచనా స్వేచ్ఛ గురించి సొంత మాటల్లో చెప్పబోయినవాణ్ణి బెంచీ ఎక్కించింది. భావప్రకటన పాఠం జరుగుతుంటే పక్కవాడితో గుసగుసలాడినవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టింది. రేప్పొద్దున ప్రపంచ పౌరులు కావలసినవాళ్లకు ఆ మాత్రం భయం ఉండొద్దూ?

ఆవిడ తొందర ఆవిడది. ఏళ్ల తరబడి ఆ బడిలో తాత్కాలిక టీచరుగానే పడి ఉంది. ఆవిడ తర్వాత చేరిన లెక్కల మాస్టారు పర్మనెంటైపోయి, స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాను కింద కుర్చీ కూడా సంపాదించుకున్నాడు. ఈవిడ మాత్రం ఇంకా తలుపు పక్కన స్టూలు మీదే. ఎవరు లోపలికొచ్చినా తలుపు వచ్చి మోకాలికి తగులుతుంది.

అలాంటి సమయంలో, "హక్కుల బడి" అని ఇత్తడి ఫలకం ఇచ్చేవాళ్లు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. హెడ్మాస్టారు ఆవిణ్ణి గదిలోకి పిలిచాడు.

"ఫలకం గోడకెక్కిన మర్నాడే మీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టేస్తానమ్మా. అంతా మీ చేతుల్లోనే ఉంది" అన్నాడు.

ఆయన మాట నిలబెట్టుకుంటాడో లేదో దేవుడికెరుక. ఇంతకుముందైతే మాట ఇచ్చిన పాపాన కూడా పోలేదు. టీచరమ్మకు ఆ సాయంత్రం కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇక చేతుల సంగతి చెప్పాలి. అది ఆ బడిలో పాత పద్ధతి, కనిపెట్టింది సాక్షాత్తూ హెడ్మాస్టారే. తనిఖీ రోజున ఏ ప్రశ్న అడిగినా తరగతి తరగతంతా చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్లు కుడి చెయ్యి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి. టీచరు కుడి చేతుల్లోంచి ఒకర్ని లేపుతుంది. వచ్చినవాళ్లు ఆ చేతులన్నీ చూసి, ఆహా ఏం తెలివైన పిల్లలని మురిసిపోతారు. ఏ చెయ్యి లేచిందో చూసుకునే తీరిక ఎవరికుంది?

తనిఖీకి ముందు రోజు టీచరమ్మ ఇంట్లో యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. కూతురు ఆ ఎనిమిదో తరగతే. బల్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది.

"అమ్మా, ఒకటి అడగనా?"

"హక్కుల గురించైతే అడుగు. లేకపోతే పోయి పడుకో."

"హక్కుల గురించే. గోప్యత హక్కు నా వంతుకొచ్చింది కదా. మరి బళ్లో మా బాత్రూమ్ తలుపుకి గడియ ఊడిపోయి ఎన్నాళ్లైంది? ఒకళ్లు లోపలికెళ్తే ఇంకొకళ్లు బయట తలుపు పట్టుకోవాలి. మొన్న మా వెనక బెంచీ అమ్మాయి లోపలుండగా బెల్లు కొట్టారు. తలుపు పట్టుకున్న పిల్ల తిట్లు తినాల్సొస్తుందని వదిలేసి పరిగెత్తింది."

టీచరమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. "ఆ తర్వాత?"

"తర్వాతేముంది. నీళ్ల కొళాయి దగ్గర మగపిల్లలంతా ఉన్నారు. ఆ అమ్మాయి నిన్నా ఇవాళా బడికి రాలేదు. గడియ గురించి నీకు చెప్పాం, హెడ్మాస్టారికీ చెప్పాం. ఎవరూ విన్లేదు."

టీచరమ్మ పెట్టెను మళ్లీ కాలర్ మీదికి తోసి గొంతు పెంచింది. "ఫలకం రానీ, అప్పుడు చూద్దాం. ఇప్పుడు గడియ గోల ఎత్తానంటే నా ఉద్యోగానికే గడియ పడుతుంది. నోరు మూసుకుని గోప్యత చదువుకో."

"నోరు మూసుకుని ఎలా చదువుతుందే?" అంది మూలన మంచం మీంచి అత్తగారు.

"మీరూరుకోండి అత్తయ్యా!" అని కసిరింది కోడలు. కాలర్ మీద పెట్టె కాస్త ఎక్కువసేపు ఉండిపోయి, గోధుమరంగు మచ్చ పడింది.

మర్నాడు తనిఖీకి వచ్చినావిడ నెరిసిన జుట్టు మనిషి, నవ్వు ముఖం. వెంట ఒక ఫొటోగ్రాఫరు. వెనక బెంచీ అమ్మాయి కూడా తిరిగొచ్చింది కానీ తలెత్తడం లేదు. ప్రశ్న పడగానే చేతులు లేచేవి, టీచరమ్మ కుడి చేతిని చూసి లేపేది, జవాబు జలజలా రాలేది. కాలర్ మీద మచ్చతో కూతురు లేచి, గోడ వంక చూస్తూ గోప్యత హక్కు పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"ఎంత చక్కగా చెప్పావు తల్లీ!" అంది తనిఖీ ఆవిడ. గుమ్మంలో హెడ్మాస్టారు ముఖం వెలిగిపోయింది.

అంతటితో పోతే బాగుండేది. వచ్చినావిడ ఫైలు మూసి, బల్ల అంచు మీద తీరుబడిగా కూర్చుంది.

"ఇది పుస్తకంలో లేని ప్రశ్న. మీకేదైనా కష్టం వస్తే ఈ బడిలో ఎవరు వింటారు? తెలిసినవాళ్లు చేతులెత్తండి."

ఇది నేర్పలేదే అనుకుంది టీచరమ్మ.

ముందు కూతురి చెయ్యి లేచింది. ఎడమది. తర్వాత వెనక బెంచీ అమ్మాయిది, తలవంచుకునే ఎత్తింది. అదీ ఎడమదే. తర్వాత వరసలకు వరసలు లేచాయి. టీచరమ్మ కుడి చెయ్యి కోసం గది నాలుగు మూలలా వెతుక్కుంది. ఉన్నది ఒక్కటే. గుమ్మంలో నిలబడి, పిల్లలను హుషారు చెయ్యడానికి హెడ్మాస్టారు ఎత్తినది.

"అబ్బ! ఒక్కరు కూడా మిగల్లేదు!" అని తనిఖీ ఆవిడ చప్పట్లు కొట్టింది. ఫొటోగ్రాఫరు టపటపా ఫొటోలు తీశాడు. హెడ్మాస్టారు ఆ చేతులన్నీ చూశాడు, చూసి టీచరమ్మకు కన్ను కొట్టాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంత మండిందో, తన మీద అంతకు రెట్టింపు మండింది.

"మరి మీరేమంటారు టీచర్? మీ కష్టం వినేదెవరో మీకు తెలుసా?" అంది వచ్చినావిడ నవ్వుతూ.

స్టూలు గుర్తొచ్చింది. సంతకం పడని కాగితం గుర్తొచ్చింది. వెనక బెంచీ అమ్మాయి మొదటిసారి తలెత్తి తనవంకే చూస్తోంది. టీచరమ్మ ఎడమ చెయ్యి ఎత్తింది.

ముందు ఎవడో కిసుక్కుమన్నాడు. మరుక్షణం తరగతంతా పగలబడి నవ్వింది.

"ఏమైంది? ఎందుకు నవ్వుతున్నారు?" తనిఖీ ఆవిడ తెల్లబోయింది.

"చేతులు దించకండ్రా" అంది టీచరమ్మ. ఎత్తిన చెయ్యి తనూ దించలేదు. "మేడమ్, మా బడిలో తెలిస్తే కుడి చెయ్యి, తెలియకపోతే ఎడమ చెయ్యి ఎత్తుతారు. వీళ్లకు నేర్పింది నేనే. ఇప్పుడు మళ్లీ ఒకసారి చూడండి."

తనిఖీ ఆవిడ వరసలన్నీ చూసింది. గుమ్మంలో హెడ్మాస్టారి కుడి చెయ్యి మెల్లగా కిందికి దిగి జేబులో దాక్కుంది.

"వీళ్ల కష్టమేంటి టీచర్?"

"నేను చెప్తే ఏం బాగుంటుంది మేడమ్? పొద్దున్నుంచీ తిరుగుతున్నారు, ఒకసారి ఆడపిల్లల బాత్రూమ్‌కి వెళ్లి రండి" అంది టీచరమ్మ. "భయపడకండి. తలుపు నేను పట్టుకుంటాను. బెల్లు కొట్టినా వదలను."