పాచి తినే రొయ్య

నేను పళ్ళ డాక్టర్ని. ఎవరు నోరు తెరిచినా ముందు పళ్ళ మీది పాచి కనిపిస్తుంది, మాట తర్వాత వినిపిస్తుంది. అలాంటి నాకే మా హాల్లోని అక్వేరియం వైపు చూడబుద్ధి కావడం లేదు. అద్దానికంతా పచ్చటి జిగురు. ఆ మురుగులోనే నోరు తెరుస్తూ మూస్తూ మా పాప పెంచుకునే గోల్డ్‌ఫిష్.

సాయంత్రాలు కూడా క్లినిక్‌కి రమ్మని పెద్ద డాక్టరు అడిగినప్పుడు, "ఒప్పేసుకో, ఇల్లు నేను చూసుకుంటా" అన్నారు మా ఆయన. నాకు నమ్మకం కుదరలేదు. ముందు ఆ తొట్టె ఒక్కటి చూసుకోండి, తర్వాత సంగతి తర్వాత అన్నాను. చూసుకున్న తీరు ఇదిగో ఇదీ. పెద్ద డాక్టరుకి ఇవాళ జవాబు చెప్పాలి. మా ఆయనేమో నన్ను చేపల కొట్టుకి లాక్కొచ్చారు. రొయ్యల్ని తెచ్చి వేస్తే పాచి మొత్తం అవే తినేస్తాయట.

కొట్టంతా నీచు కంపు. కొట్టతను నీళ్ళలో వేలు ముంచి ఒక తొట్టె చూపించి, అదే వేలు చెవిలో పెట్టి తిప్పుకున్నాడు.

"చెర్రీ రొయ్యలు సార్. ఎర్రగా ముద్దొస్తుంటాయి."

"మాకు గోల్డ్‌ఫిష్ ఉంది" అన్నాను.

"అయితే ఇవి దాని నోట్లోకే పోతాయమ్మా."

తర్వాత కాస్త పెద్దవి, అమానో రొయ్యలు చూపించాడు. పాచి బాగానే తింటాయట గానీ, నీళ్ళు పాడైతే బతకవట. చివరి తొట్టెలో పొడుగు చేతుల రొయ్య ఒకటి చచ్చిన చేపను పీక్కు తింటోంది. ముందు కన్ను పీకింది. నేను మొహం తిప్పుకున్నాను.

"ఇదేదో గట్టి పిండంలా ఉందే" అన్నారు మా ఆయన ముచ్చటపడిపోతూ.

"గట్టిదే సార్. కాకపోతే నిద్రపోయే చేపని కూడా వదలదు."

"అసలు నేను చెయ్యి పెట్టక్కర్లేని రొయ్యే లేదా?"

"ఏది వేసినా వారం వారం నీళ్ళు మార్చాలి సార్, అద్దం గీకాలి."

"ఓ, గీకడమా? అది మా ఆవిడ చూసుకుంటుందిలెండి. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ పాచి గీకడమే కదా ఆవిడ పని."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ జిగురు మీదా, ఆ కంపు మీదా లేనంత అసహ్యం నాకు ఆ నవ్వు మీద పుట్టింది. ఎందరి నోళ్ళలోనో చెయ్యి పెట్టాను. ఏ నోరూ నాకింత రోత పుట్టించలేదు.

అక్కడే నిలబడి పెద్ద డాక్టరుకి ఫోన్ చేశాను. రేపటి నుంచి సాయంత్రాలు కూడా వస్తానని చెప్పాను. మా ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

"అదేంటి, మరి ఇల్లు?" అన్నారు.

నేను ఫోన్ బ్యాగులో పెట్టుకున్నాను. కొట్టతను వల చేతపట్టుకుని, "ఇంతకీ ఏ రొయ్య ఇమ్మంటారమ్మా?" అని అడిగాడు.

"రొయ్య వద్దండి. అద్దం గీకే బ్రష్షొకటి ఇవ్వండి. ఈయన చేతికి సరిపడేది."