గోడ మీద నాన్న

పాత వంతెన పక్కనున్న రాతిగోడ మీద నూట పన్నెండు పేర్లున్నాయి. వంతెన కడుతుండగా స్తంభం కూలి నదిలో కొట్టుకుపోయిన కూలీలవి. సగం మందికి శవం కూడా దొరకలేదు. ఊళ్ళో బట్టలు కుట్టే టైలరమ్మ తండ్రిదీ అంతే. ఆయన పోయేనాటికి ఆమె ఇంకా కడుపులోనే ఉంది. ఇంట్లో ఆయన ఫొటో లేదు, చొక్కా లేదు. అలాంటి మనిషొకడు ఉండేవాడనడానికి ఆ గోడ మీది పేరొక్కటే గుర్తు.

యాభై ఏళ్ళ నాచూ పొగా పోస్టర్ల జిగురూ పట్టి పేర్లు కనబడకుండా పోతుంటే, ఊళ్ళో కొందరు ఆదివారం ఆదివారం చేరి గోడని బాగుచెయ్యడం మొదలుపెట్టారు. రిటైరైన బస్సు కండక్టరు వాళ్ళకి పెద్ద. ఆలస్యంగా వచ్చినవాళ్ళని లోపలికి జరగండి, జరగండి అని ఇప్పటికీ దబాయించేవాడు. పని నేర్పింది మాత్రం ముసలి రాతిమేస్త్రి. తడి గోనె రాయికి చుట్టాలి, రెండు రోజులు నాననివ్వాలి, మెత్తబడ్డ నాచుని వెదురుపుల్లతో తియ్యాలి. ఇది సున్నపురాయి, నీళ్ళు తప్ప మరేదీ తగలకూడదని మొదటిరోజే గట్టిగా చెప్పాడు. అలా చేస్తే ఒక పూటకి ఒక్కొక్కరికి జానెడు రాయి తేలడం గగనం.

టైలరమ్మ తండ్రి పేరున్న వరస అడిగి మరీ తీసుకుంది. ఆ పేరు పక్కది, తనతో భుజం కలిపి పనిచేసే నర్సు తండ్రిది. నర్సుకి తొందరేం లేదు. టైలరమ్మకి ఉంది. డెబ్బై దాటిన తల్లికి గుండె జబ్బు ముదిరింది, ఇక ఎన్నాళ్ళో ఉండదన్నాడు డాక్టరు. పేరు బాగుపడ్డాక ఒక్కసారి చూపించవే అని ఆవిడ రోజూ ప్రాణం తీస్తోంది.

బాత్‌రూం గచ్చు మీది ఎంత మొండి మరకనైనా వదలగొట్టే సీసా ఒకటి ఇంట్లో ఉంది. ఒక మూత మందుకి నాలుగు మూతల నీళ్ళు కలిపితే రాయికేం కాదులే అనుకుంది. ఆ నీళ్ళు మంచినీళ్ళ సీసాలో పోసుకుని వెళ్ళి, మేస్త్రి అటు తిరిగినప్పుడు గుడ్డతో అద్దింది. బుస్సుమని నురగ వచ్చింది. తుడిస్తే తండ్రి పేరులో మొదటి అక్షరం పాలలా తెల్లగా బయటపడింది. కండక్టరు అందరినీ పిలిచి చూపించాడు, టైలరమ్మ హస్తవాసి చూడండని. మిగతా పేర్లకి ఆమె ఆ మందు వాడలేదు. తండ్రి పేరుకి మాత్రం, చివరి అక్షరం తేలేదాకా, నాలుగు వారాలు వరసగా పట్టించింది.

తర్వాత పది రోజులు వాన పట్టుకుంది. తెరిపిచ్చాక వెళ్ళి చూస్తే, అక్షరాలుండాల్సిన చోట రాయి తడిపిండిలా పొడిపొడిగా ఉంది. వేలు పెడితే రాలింది. మేస్త్రి వంగి, చిటికెడు పొడి తీసి వాసన చూశాడు.

“ఏం పోశావమ్మా?”

చెప్పింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి.

“మళ్ళీ చెక్కుతారా బాబాయ్?”

“ఉలి ఆనిందంటే అటూ ఇటూ పేర్లు కూడా ఊడొస్తాయి. ఇక దాన్ని ముట్టుకోకు.”

కింద ఇత్తడి రేకు మీద రాయించి పెడదామన్నాడు కండక్టరు. ఆమె తలూపింది. తల్లికేం చెప్పాలన్నదే ఆమె గుండెల మీద కుంపటిలా ఉంది. మీ అమ్మకి చదువు రాదుగా, ఏదో ఒక పేరు చూపించెయ్ అన్నాడు మొగుడు. ముందు ఒళ్ళు మండింది. రెండు రోజుల్లో ఆ మాటనే పట్టుకుంది.

ఆదివారం కారులో తల్లిని తీసుకెళ్ళింది. “ఆయనకి ఇరవయ్యారేళ్ళే,” అంది తల్లి దారిలో, “నన్ను చూసి ఎవరీ ముసల్ది అంటాడేమో.” చెప్పి, తనే నవ్వుకుంది.

గోడ దగ్గర చెయ్యి పట్టుకుని నర్సు తండ్రి పేరు వైపు నడిపించబోతే, ఆవిడ చెయ్యి విడిపించుకుంది. చూపు మందగించింది కదా, మూడో వరస అంచు వేళ్ళతో వెతికి పట్టుకుంది. ఒక్కో పేరే తడుముతూ ఒకటి, రెండు అని పైకే అంటూ లెక్కపెట్టసాగింది. చదవడం రానిదానికి పేరెలా దొరికేదో కూతురు ఏనాడూ అడగలేదు. తొమ్మిదో చోట వేలికి గరుకు తప్ప ఏమీ తగల్లేదు. మళ్ళీ అంచు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

“లెక్క తప్పుతున్నానే,” అంది సిగ్గుపడుతూ. “తొమ్మిదనే గుర్తు నాకు.”

బకెట్‌తో పక్కనే ఉన్న నర్సు కదలకుండా నిలబడిపోయింది. టైలరమ్మకి అసలు సంగతి నాలిక చివరిదాకా వచ్చింది.

“తప్పావమ్మా. పది. ఇదిగో, నాన్న ఇక్కడున్నాడు,” అని తల్లి వేలు పక్కకి జరిపింది.

నర్సు బకెట్ ఎత్తుకుని అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది.

తల్లి ఆ అక్షరాలని అటు చివర్నుంచి ఇటు చివరికి తడిమింది. తర్వాత చెయ్యి వెనక్కి తెచ్చి, రాలిన చోట పెట్టింది.

“మరి ఇక్కడెవరు?”

“ఎవరూ లేరమ్మా. ఖాళీ.”

ఆవిడ ఆ గరుకు మీంచి వేలు తియ్యలేదు.

“కాళ్ళు పనిచేసినన్నాళ్ళూ వచ్చి ఈ తొమ్మిదికే చెప్పుకున్నానే. నీకు జ్వరమొచ్చిందనీ, నీ పెళ్ళి కుదిరిందనీ. అవన్నీ ఎవరికి చెప్పుకున్నట్టు?”

తల్లి పదో పేరు మీదికి మళ్ళీ చెయ్యి తీసుకెళ్ళలేదు. ఇంటికి పోదాం పదమంది.