నాలుగున్నర అంగుళాలు

ఆయన్ని అందరూ అంగుళం మేస్త్రీ అంటారు. కొత్తవాళ్ళు అది వెక్కిరింపేమో అనుకుంటారు గానీ, కానే కాదు. తలుపు వంక ఒక్క చూపు చూసి "పైన పావు అంగుళం తేడా ఉంది" అంటాడు. టేపు పెట్టి చూస్తే సరిగ్గా పావే ఉంటుంది. ఆ మాట చెప్పించుకోవడానికే జనం ఆయన్ని ఇంటికి పిలిచి తలుపులు చూపిస్తారని భార్య వేళాకోళం చేస్తుంది. ఆవిడ బట్టలు కుడుతుంది. టేపు ఆవిడ మెడలోనూ ఉంటుంది కాబట్టి మొగుడికి భయపడదు.

మేస్త్రీ నడిపే చెక్కపని షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పనిలో కొత్తగా చేరినవాడు మొదటి వారం తలుపు ముట్టుకోకూడదు, కిటికీ ముట్టుకోకూడదు. తన పనిబల్ల తానే చేసుకోవాలి. నిటారుగా నిలబడి, చేతులు కిందికి వదిలేసి, పిడికిలి బిగించాలి. ఆ పిడికిలి నేలకు ఎంత ఎత్తులో ఉందో మేస్త్రీ గోడ మీద గీత గీస్తాడు. బల్ల ఎత్తు అంతే. పొట్టివాడికి పొట్టిబల్ల, పొడుగువాడికి పొడుగుబల్ల. ఒకరి బల్ల మీద ఇంకొకరు చిత్రిక పట్టారంటే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది.

"వంగి పనిచేశావంటే నీ నడుం నీకంటే ముందే రిటైరైపోతుందిరా!" అని కేకలేస్తాడు.

ముప్పై ఏళ్ళలో ఆ షెడ్డు నుంచి నడుం పట్టుకుని ఇంటికెళ్ళినవాడు ఒక్కడూ లేడు. ఈ సంగతి మేస్త్రీ రోజుకు ఒకసారైనా చెప్పుకుంటాడు. చెప్పుకోవద్దూ మరి!

అలాంటి మనిషి కన్నకూతురి దగ్గరికి వచ్చేసరికి ఏం చేశాడో చూడండి.

కూతురు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలను విని కంప్యూటర్లో టైపు చేయాలి. రెండేళ్ళ కిందట ఆ ఉద్యోగం వచ్చినప్పుడు మేస్త్రీ ఉబ్బితబ్బిబ్బైపోయి ఆమెకొక టేకు బల్ల చేశాడు. మూడు నెలలు గోనెపట్టా కింద దాచి, ఇంట్లో పొక్కనివ్వకుండా చేశాడు. ఒక్క మేకు కొట్టలేదు, అంతా చెక్కలో చెక్క దిగిన అతుకే. నాలుగు కాళ్ళ కింది కొసలకూ పైకి పాకుతున్న తీగ చెక్కాడు, ఆకు ఈనెలతో సహా. అంతా గుట్టుగా సాగాలి కదా, అందుకని కూతుర్ని కొలవలేదు. స్టూలు వేసుకుని తానే కూర్చున్నాడు. మోచేతులు బల్ల మీద ఆనించి, "ఆహా, సింహాసనం!" అనుకున్నాడు.

మేస్త్రీ ఆరడుగుల మనిషి. కూతురిది తల్లి పోలిక, ఆయన భుజం దాకా కూడా రాదు.

బల్ల ఇంటికి వచ్చిన రోజు కూతురు ఆ తీగల మీద వేళ్ళు పోనిచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా, చివరికి గ్యాసు బండ తెచ్చినవాడు వచ్చినా, మేస్త్రీ చెయ్యిపట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్ళి, వంగోబెట్టి మరీ కాళ్ళు చూపించేవాడు. అదంతా చూస్తూ పిల్ల నోరు ఎలా విప్పుతుంది? కుర్చీ పైకి లేపుకుంది. పాదాలు నేలకు అందకపోతే కింద అట్టపెట్టె పెట్టుకుంది; ఎవరైనా బల్ల చూడటానికొస్తే దాన్ని మంచం కిందికి తోసేసేది. అయినా భుజాలు చెవుల దాకా ఎగదోసుకునే టైపు చేయాల్సి వచ్చేది. మెడ పట్టేసింది. తర్వాత మణికట్టు, ఆ తర్వాత వేళ్ళు. ఒకరోజు కాఫీ గ్లాసు చేతిలో ఉన్నట్టే ఉండి జారి నేలమీద పగిలింది.

అప్పటికి ఆమెకు టీమ్ లీడర్ పరీక్ష ఆరు వారాల్లో ఉంది. నలభై నిమిషాలు చెయ్యి ఆపకుండా టైపు చేయాలి. ఆమెకేమో పది నిమిషాలకే కుడిచేతి వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి. ఈసారి తప్పితే మళ్ళీ మూడేళ్ళ దాకా ఆ అవకాశం రాదు. గ్లాసు పగిలాకే సంగతి తెలుసుకున్న మేస్త్రీ ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఫిజియోథెరపీ డాక్టరమ్మ చేతులు వంచి చూసింది, మెడ తిప్పి చూసింది, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి అడిగింది.

"నయం, ఇంకా ముదరలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి. నువ్వు పనిచేసే టేబుల్ ఎలా ఉంటుందమ్మా?"

"బాగానే ఉంటుంది మేడమ్," అంది కూతురు గబగబా.

"బాగానే ఏమిటండీ, బ్రహ్మాండంగా ఉంటుంది! ముప్పై ఒక్క అంగుళాలు, అసలు టేకు. నా చేత్తో నేనే చేశాను," అన్నాడు మేస్త్రీ ఛాతీ విరుచుకుని.

డాక్టరమ్మ కూతురి వైపు చూసింది. కూతురు తల దించుకుంది. డాక్టరమ్మ ఆమెను పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టి, భుజాలు వదులు చేయించి, మోచేతులు వంచమంది. టేపు తీసి నేల నుంచి మోచేతి దాకా పెట్టింది.

చదవకముందే మేస్త్రీ కంటికి కొలత తెలిసిపోయింది. ఇరవై ఆరున్నర. అంగుళం మేస్త్రీకి తీసివేత ఎంతసేపు? నాలుగున్నర అంగుళాల తేడా. పావు కాదు, అర కాదు. షెడ్డులో ఎవడైనా ఇంత తేడా చేసి ఉంటే ఆ చెక్కతోనే వాయించేవాడు.

"మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటే టైపు చేసే చోటూ అంత ఎత్తులో ఉండాలి," అంటోంది డాక్టరమ్మ. "మణికట్టు పైకీ కిందికీ వంగకూడదు. స్క్రీన్ పై అంచు కళ్ళకు సమానంగా ఉండాలి. అరగంటకోసారి లేవాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే."

ఈ మాటలన్నీ మేస్త్రీ ముప్పై ఏళ్ళుగా చెబుతున్నవే. వేరే నోటి నుంచి వింటుంటే చెవులు వేడెక్కాయి.

ఇంటికి రాగానే మేస్త్రీ నేరుగా కూతురి గదిలోకి వెళ్ళి బల్ల కిందికి తొంగిచూశాడు. ఊరందరికీ చూపించాడే గానీ, పొద్దంతా షెడ్డులోనే ఉండే ఆయన, కూతురు కూర్చుని ఉండగా ఆ బల్లను ఎన్నడూ చూడలేదు. అట్టపెట్టె కనిపించింది. పాదాలు ఆనీ ఆనీ మధ్యలో గుంట పడిపోయింది. కుర్చీ మీద రెండు దిళ్ళు.

"ఈ దిళ్ళెవరు కుట్టారు?"

"నేనే," అంది భార్య గుమ్మంలోంచి. "ఒకటి చాల్లేదంటే రెండోది కుట్టాను."

"తెలిసీ నాకు చెప్పలేదా?"

"చెప్పనిస్తేగా! నోరు తెరిస్తే 'ఆ తీగ చూశావా, ఆ ఆకు చూశావా' అంటారాయె. మనిషిని కొలవకుండా నేను చొక్కా కుడితే ఒప్పుకుంటారా మీరు?"

మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ గెలిచాడు, ఇంట్లో నాలుగున్నర అంగుళాలతో ఓడిపోయాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు కంటే, రెండేళ్ళు పిల్ల తన కోసం నొప్పి దాచుకుందన్న బాధ ఎక్కువైంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు నుంచి రంపం తెచ్చాడు. కూతుర్ని చెప్పులు లేకుండా కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు ఆనేదాకా కుర్చీ దించి, మోచేయి కొలిచాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత బల్ల బోర్లించి కాళ్ళ మీద పెన్సిలుతో గీత గీశాడు. గీత సరిగ్గా తీగలు ముగిసేచోట పడింది. కోస్తే నాలుగు తీగలూ పోతాయి.

కూతురు వచ్చి రంపం పట్టుకుంది. "వద్దు నాన్నా. ఎక్కడైనా ఇంకో టేబుల్ కొనుక్కుంటాను. దీన్ని ఇలాగే ఉంచుదాం."

"దేనికి? చూసుకోవడానికా?"

"మూడు నెలలు చెక్కావు నాన్నా."

"చెక్క కోసం నిన్ను కోసుకుంటానా తల్లీ? వదులు."

ఆమె వదిలింది. రంపం నాలుగు కాళ్ళనూ వరసగా దాటింది. ఒక్కో ముక్క రాలినప్పుడల్లా గుమ్మంలో భార్య కళ్ళు మూసుకుంది గానీ మేస్త్రీ రంపం గీత తప్పలేదు. కోసిన చోట నున్నగా చేసి బల్ల నిలబెట్టాడు. కూతురు కూర్చుని చేతులు చాచింది. భుజాలు దిగాయి. మెడ నిటారుగా నిలబడింది. రెండేళ్ళలో మొదటిసారి ఆమె ఆ బల్ల దగ్గర హాయిగా ఊపిరి వదిలింది.

రాలిన నాలుగు ముక్కలను మేస్త్రీ పారేయలేదు. వాటి మీద ఒక పలక బిగించి, స్క్రీన్ కింద పెట్టాడు. స్క్రీన్ పై అంచు సరిగ్గా కూతురి కళ్ళ దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళూ అతిథులు వంగి చూసిన తీగలు ఇప్పుడు ఆమె కళ్ళెదుట ఉన్నాయి.

అరగంటకోసారి లేపే బాధ్యత తల్లి తీసుకుంది. పక్కగదిలో మిషను ఆపి, "లేవే, నేనూ లేచాను!" అని అరిచేది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చేతులు చాచి, భుజాలు తిప్పి, వీధిలో పోయేవాళ్ళ మీద రెండు మాటలనుకుని మళ్ళీ పనిలో కూర్చునేవాళ్ళు. డాక్టరమ్మ చెప్పిన వ్యాయామాలు ఒక్కరోజు కూడా మానలేదు. మొద్దుబారడం పది నిమిషాల నుంచి ఇరవైకి జరిగింది, తర్వాత ముప్పైకి. అయిదో వారానికి వేళ్ళు మొరాయించడం మానేశాయి.

పరీక్ష ఆ బల్ల మీదే రాసింది. నలభై నిమిషాలూ గది బయట మేస్త్రీ నిలబడే ఉన్నాడు. లోపల కీబోర్డు చప్పుడు ఒక్కచోట కూడా తడబడలేదు.

కూతురు టీమ్ లీడర్ అయిన మొదటి సోమవారం తన కింద పనిచేసే తొమ్మిది మందితో వీడియో మీటింగు పెట్టింది. మొదటి మాట పని గురించి కాదు. "మన టీములో కొత్తవాళ్ళకి ఒక పద్ధతి. మొదటిరోజు ఫైలు ముట్టుకోకూడదు. ముందు మీ కుర్చీ, మీ టేబుల్ సరిచేసుకోవాలి," అంది. గుమ్మం దగ్గర వింటున్న మేస్త్రీ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె చెయ్యి చాచి ఆయన్ని లోపలికి లాగింది.

"ఈయన మా నాన్న. ఈ టేబుల్ చేసింది ఈయనే," అంది. తల ఇంకొంచెం ఎత్తి, "నా కోసం కోసిందీ ఈయనే," అంది.

తెరమీద తొమ్మిది ముఖాలు. ఇంతలో వాళ్ళలో ఒకమ్మాయి కెమెరా కిందికి తిప్పి, "సార్, నా టేబుల్ ఎత్తు సరిపోతుందేమో చూస్తారా?" అని అడిగింది.

"బల్ల సంగతి తర్వాత," అన్నాడు అంగుళం మేస్త్రీ. "ముందు నువ్వు కూర్చో తల్లీ, నిన్ను చూడాలి."