సమాధానపడే శనివారం

మా కళాశాలలో సోమవారం ఉదయం ఆ వారం ప్రకటనలు చదివేది నేనే. భీమిలి రోడ్డు పక్కన కొండ మీద ఉన్న చిన్న దైవశాస్త్ర కళాశాల మాది. పాస్టర్లు కావాలనుకునే ఆడపిల్లలూ మగపిల్లలూ మూడేళ్లు ఇక్కడే ఉండి చదువుకుంటారు. నేను ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ని. పేరు పుష్ప. కింద సముద్రం ఎంత హోరెత్తినా నా గొంతు చివరి బెంచీ దాకా వినబడుతుందని ఆ పని నాకు అంటగట్టారు. నా నోరు మంచిది కాదని కూడా ఇక్కడ అందరికీ తెలుసు. ప్రకటనలకి మంచి నోరెందుకు, పెద్ద నోరుంటే చాలు.

మా వారం ఎప్పుడూ ఒకలాగే నడుస్తుంది. మంగళవారం పాటల సాధన. బుధవారం సాయంత్రం ప్రార్థన కూటం. శుక్రవారం పిల్లల్ని బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్తాం, రోగుల పక్కన కాసేపు కూర్చుని పలకరించి వస్తారు. ఆదివారం ఆరాధన. నెలలో మొదటి ఆదివారం మాత్రం ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం అందరం కలిసి తీసుకుంటాం. దానికి ముందు రోజు మాకో ఆనవాయితీ ఉంది. ఎవరికి ఎవరి మీద కోపమున్నా శనివారం సాయంత్రం భోజనాల దగ్గర సమాధానపడిపోవాలి. మర్నాడు ప్రిన్సిపాల్ గురునాథరావు అయ్యగారు బల్ల మీద కప్పిన తెల్లగుడ్డ అంచు పట్టుకుని, "అందరూ సమాధానపడ్డారా?" అని అడుగుతారు. "పడ్డాం అయ్యగారూ" అని అందరం ఒక్క గొంతుతో అంటేనే ఆ గుడ్డ తీస్తారు.

ఆ శనివారాల్లో జరిగే క్షమాపణలు చూసి తీరాలి. నీ సబ్బు వాడేశానని ఒకరు, నీ గురక గురించి పక్క గదిలో చెప్పి నవ్వించానని ఇంకొకరు. నాకూ వంటమనిషి చిట్టెమ్మకీ నెలనెలా చింతపండు దగ్గర గొడవ. "మీ నోటికి నాను భయపడతాననుకున్నారేటి?" అంటూనే శనివారం వచ్చి నా చేతులు పట్టుకుంటుంది. సోమవారం నుంచి మళ్లీ మామూలే. ఎన్నేళ్లుగానో ఇదో సరదా అయిపోయింది మాకు. ఈ ఆనవాయితీ ఎవరినైనా నొప్పించగలదని నాకెప్పుడూ తోచలేదు.

ఆశ రెండో సంవత్సరం పిల్ల. అనకాపల్లి అవతల చెరకు పండించే ఇంటి నుంచి వచ్చింది. ఆమె తమ్ముడు సింహాద్రి అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. పోయిన వానాకాలంలో డ్యూటీ దిగి బండి మీద ఇంటికొస్తుంటే లారీ గుద్ది అక్కడికక్కడే పోయాడు. ఆ కార్యక్రమాలు ముగించుకుని వచ్చి ఆ పిల్ల మళ్లీ క్లాసులో కూర్చుంది, పరీక్షలు రాసింది, పాటలు పాడింది. ఒకటే తేడా. అందరం కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే ఆశ కళ్లు తెరిచే ఉండేవి. నేనెప్పుడైనా కన్ను తెరిస్తే ఇద్దరి చూపులూ కలిసేవి. వార్డెన్‌ని కదా, ప్రార్థనలో కూడా ఒక కన్ను తెరిచి ఉంచుకోవడం నాకు అలవాటు. ఏమైందే అని నేను అడగలేదు. అలాంటివి మెత్తగా అడగడం నాకు చేతకాదు. చిట్టెమ్మతో చెప్పి ఆ పిల్ల కంచంలో కూర కాస్త ఎక్కువ వేయించేదాన్ని, అంతే.

తన మనసులో మాట ఆశ చివరికి వీర్రాజుతో చెప్పుకుంది. వీర్రాజు మూడో సంవత్సరం కుర్రాడు, భీమిలి వాడే. ఎవరికి జ్వరమొచ్చినా టౌనుకి పరిగెత్తి మందులు తెచ్చేది వాడే. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే బస్సులో పక్క సీట్లో కూర్చుని చెప్పిందట. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే దేవుడి మీద కోపం తప్ప ఇంకేమీ రావడం లేదని. ఎవరికీ చెప్పొద్దు అన్నా అని కూడా అందట.

ఆ తర్వాతి బుధవారం ప్రార్థన కూటం. ప్రార్థన అవసరతలు చెప్పండి అని అయ్యగారు అడిగారు. ఫలానా వాళ్ల అమ్మకి ఆపరేషన్, ఫలానా వాళ్ల అన్నకి ఉద్యోగం. వీర్రాజు లేచాడు. కళ్ల నిండా నీళ్లు.

"మన సెల్లి ఆశ కోసం అందరం భారంగా ప్రార్థన సేయాలండి. తమ్ముడు పోయిన కాడి నుంచి దేవుడి మీద కోపంగా ఉంది. ప్రార్థన సేసుకోలేకపోతంది. ఆమె విశ్వాసం పడిపోకుండా మనమే నిలబెట్టాలి."

నాకు తల తీసేసినట్టయింది. ఆశ నా పక్కనే ఉంది. కదల్లేదు, మెదల్లేదు. అయ్యో పాపం అనుకుంటూ అందరూ లేచి వచ్చి చుట్టూ మూగారు. తల మీద, భుజాల మీద చేతులుంచారు. అయ్యగారు గొంతెత్తి చాలాసేపు ప్రార్థించారు. అన్ని చేతుల కింద ఆ పిల్ల, గొడుగు లేకుండా వానలో చిక్కుకున్న మనిషిలా, ఎప్పుడైపోతుందా అని తల వంచుకుని కూర్చుంది.

బయట ఎవరైనా ఇలా చేస్తే చాడీలు చెప్పారంటారు. మా దగ్గర దానికి ప్రార్థన అవసరత అని పేరు. పేరు మారేసరికి ఎవరూ తప్పు పట్టరు. మర్నాడు పొద్దున్న నుంచి ఆశ ఫోనుకి బైబిలు వాక్యాలే వాక్యాలు. అన్నం దగ్గర కూర్చుంటే ఎదురుగా కూర్చున్నవాళ్లు జాలిగా చూస్తారు. నవ్వితే ప్రార్థన పనిచేసిందంటారు, నవ్వకపోతే ఇంకా ప్రార్థించాలంటారు. ఎవరు చేరవేశారో గానీ విషయం వాళ్ల ఊరి పాస్టరు దాకా పోయింది. వాళ్లమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "దేవుడి మీద కోపమేటే తల్లీ, ఉన్నదానివైనా నువ్వు మిగలాలి కదే" అని ఆమె అంటుంటే గది బయట నిలబడ్డ నాకే వినబడింది.

శుక్రవారం ఆశ ఆసుపత్రికి రాలేదు. నేను తన గదికి వెళ్లేసరికి బట్టలు మడత పెడుతోంది.

"ఆదివారం ఎళ్లిపోతానమ్మగారూ."

"మళ్లీ ఎప్పుడొస్తావే?"

"రాను."

 ఈ కొండ మీదికి ఎంతోమంది వచ్చారు, వెళ్లారు. ఎవరి కోసమూ ఇంత కంగారు పడలేదు. ఎందుకో ఈ పిల్ల మీద ప్రాణం పెట్టుకున్నాను. వెళ్లొద్దని గట్టిగా కేకలేద్దామనుకున్నాను. కానీ చీరలు మడత పెట్టడానికి రెండో కొస పట్టుకున్నాను.

ఆ కోపమంతా వీర్రాజు మీద తీర్చుకున్నాను. మెట్ల దగ్గర దొరికాడు.

"బుద్ధుందేట్రా నీకు? ఎవరికీ సెప్పొద్దన్న మాట తెచ్చి అందరి ముందూ పరుత్తావా?"

"మనుషులకి సెప్పలేదమ్మగారూ, దేవుడికే కదా సెప్పాను" అన్నాడు.

"దేవుడికి సెవుడేటి? గదిలో కూకుని సెప్తే వినపడదా?"

వాడి ముఖం పాలిపోయింది. నిజంగా వాడికి అప్పటిదాకా తెలియలేదు, ఏం చేశాడో. కావాలని చేసి ఉంటే నాలుగు వాయించి వదిలేసేదాన్ని. మంచి చేస్తున్నాననుకునే వాణ్ని ఏం చేస్తాం?

శనివారం సాయంత్రం వచ్చింది. భోజనాల గదిలో గోల గోలగా సమాధానపడుతున్నారు. చిట్టెమ్మ వచ్చి నా చేతులు పట్టుకుంది, ఆమె ఏమందో కూడా నేను వినలేదు. వీర్రాజు ఆశ ఉన్న బల్ల దగ్గరికి నడిచి, మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తప్పయిపోనాది సెల్లీ. నన్ను క్షమించు."

 అందరూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఇప్పుడిక ఆశ ఏడ్వాలి, వాణ్ని లేపాలి, మేమందరం చప్పట్లు కొట్టి స్తోత్రం అనాలి. ఎప్పుడూ అలాగే జరుగుతుంది.

"క్షమించను అన్నా" అంది ఆశ.

గట్టిగా అనలేదు, కోపంగానూ అనలేదు. కూర వద్దు అన్నంత మామూలుగా అంది. మా కళాశాలలో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. మనసులో ఉన్నా లేకపోయినా క్షమించేశాననడమే మాకు తెలుసు. గురునాథరావు అయ్యగారు కుర్చీలోంచి లేచి నెమ్మదిగా వచ్చారు. పెద్దాయన, ఎవరినీ నొచ్చేలా మాట్లాడరు.

"రేపు బల్ల ఉంది కదమ్మా. వాడు మోకరించి అడుగుతున్నాడు. ఒక్క మాటే కదా, అనేస్తే నీకూ బరువు దిగిపోతుంది."

"ఆ మాట నా దగ్గర లేదు అయ్యగారూ."

"ప్రయత్నిస్తే వస్తుంది తల్లీ. మేమందరం ప్రార్థిస్తాం."

మళ్లీ బెంచీలు జరిగిన చప్పుడు. మళ్లీ చేతులు లేవబోతున్నాయి. ఇక నావల్ల కాలేదు.

"ఆగండెహె!" అన్నాను. అయ్యగారి ముందు అలా అరవడం అదే మొదలు. "బుధవారం ఆ పిల్ల ఏడుపు లాక్కున్నాం. ఇయ్యాల ఇంకేటి లాక్కుంటారు? క్షమాపణ కూడా మనకి టయానికి అందించాలేటి, రేపు బల్ల ఉందని? రేపు ఆ పిల్ల బల్లకి రాకపోతే నానూ రాను."

 ఆశ లేచి కంచం కడుక్కుని గదికి వెళ్లిపోయింది. వీర్రాజు ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు. చిట్టెమ్మ వెళ్లి రెక్క పట్టుకుని లేపింది. "లెగు బాబూ, అన్నం సల్లారిపోతంది" అంది. ఆ రాత్రి నేను తినలేదు. మాట తూలానేమో, అందరి ముందు ఆ పిల్లని ఇంకా ఇరుకున పెట్టానేమో అని ఒకటే మథనం.

ఆదివారం ఆరాధనకి ఆశ వచ్చింది. రాదేమో అనుకున్నాను. చివరి బెంచీలో కూర్చుంది, పక్కనే బ్యాగు. నేను ముందు వరసలో నా చోటు వదిలి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. నా వైపు చూడలేదు గానీ బ్యాగు కిందకి దించి చోటిచ్చింది.

పాటలయ్యాయి, ప్రసంగమయింది. అయ్యగారు బల్ల దగ్గరికొచ్చి తెల్లగుడ్డ అంచు పట్టుకున్నారు.

"అందరూ సమాధానపడ్డారా?"

అక్కడొకటి ఇక్కడొకటి గొంతులు లేచి మధ్యలోనే ఆగిపోయాయి. ఆశ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. అయ్యగారు గుడ్డ పట్టుకునే చాలాసేపు నిలబడ్డారు. తీసేస్తారనుకున్నాను. తీసేస్తే ఆ పిల్ల లేచి వెళ్లిపోతుందని కూడా నాకు తెలుసు.

ఆయన గుడ్డ వదిలేశారు. అంచు సరిచేశారు.

"ఈ ఆదివారం బల్ల లేదు" అన్నారు. "ఆ అమ్మాయి వల్ల కాదు, ఎవరూ అలా అనుకోకండి. బుధవారం ఆ మాట వినగానే ఆపవలసినవాణ్ని నేను. ఆపకపోగా అందరికంటే ఎక్కువసేపు ప్రార్థించింది కూడా నేనే. నిన్న సాయంత్రం మళ్లీ అదే పని చేయబోయాను. నేను సమాధానపడలేదు. ఆశమ్మా, నువ్వు జవాబు చెప్పక్కర్లేదు. ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు బల్ల ఆగుతుంది. రొట్టె మళ్లీ చేసుకోవచ్చు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని ఆశీర్వాదం చెప్పేశారు. అంతే, ఆరాధన అయిపోయింది. ఇంత తొందరగా అయిపోతుందని చిట్టెమ్మకి తెలియదు కదా, పప్పు ఇంకా ఉడకలేదు. పిల్లలు ఏం చేయాలో తోచక గుంపులు గుంపులుగా చెట్ల కిందికి వెళ్లిపోయారు. 

నేను పాటల పుస్తకాలు సర్దుతున్నాను. ఆశ బ్యాగు తీసుకుని బయటి మెట్ల మీదికి వెళ్లింది. వీర్రాజు వచ్చాడు. ఈసారి మోకరించలేదు, దూరంగా నిలబడ్డాడు.

"క్షమించమని అడగడానికి రాలేదు సెల్లీ. బస్సు కాడిదాకా బ్యాగు మోత్తాను."

ఆశ బ్యాగు ఇవ్వలేదు. వాణ్ని తేరిపార చూసింది.

"మా తమ్ముడి గురించి నీకేటి తెలుసు అన్నా?"

వాడు ఆలోచించాడు. "ఏటీ తెలీదు."

"ఏటీ తెలీకుండా అంతమంది ఎదర ఎలా ఏడిసేవు?"

వాడు తల దించుకుని నిలబడ్డాడు. కొండ కింద భీమిలి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆశ అటు చూసింది గానీ కదల్లేదు. బ్యాగు పక్కన పడేసి మెట్టు మీద కూలబడింది.

"ఆడికి గోరుసిక్కుడుకాయ కూరంటే పడదు" అంది. "అమ్మ అదే వండితే నా కంచంలోకి తోసీసేవోడు. ఆడి పెళ్లికి నానే పాట పాడాలనేవోడు."  ఇన్ని నెలల్లో ఆ పిల్ల ఏడవడం నేను మొదటిసారి చూశాను. ముఖం తుడుచుకుని, తన కింది మెట్టు చూపించింది.

"కూకో. ఆడెలాంటోడో ముందు సెప్తాను. బస్సు సంగతి తర్వాత సూద్దారి."

వీర్రాజు కూర్చున్నాడు. చేతిలో పుస్తకాలతో నేను గుమ్మంలోనే ఉన్నాను. సింహాద్రి గురించి వినాలని నాకూ ఎంతో ఉంది. కానీ ఆ పిల్ల నన్ను పిలవలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, పప్పు ఎంతవరకు వచ్చిందో చూద్దామని వంటింట్లోకి వెళ్లిపోయాను.