భీమవ్వ కొట్టంలో నీళ్ల లెక్క

భీమవ్వకు శుభ్రం పిచ్చి. బోధన్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్లకు పాలు పోసే మనిషి. తన మూడు బర్రెలనూ కొట్టాన్నీ పొద్దునా మాపూ కడిగితే గానీ పొదుగు మీద చెయ్యి వెయ్యదు. డెబ్బై రెండు కరువులో చేదబావి అడుగంటినా ఆ అలవాటు మాత్రం పోలేదు. రోజుకు ముప్పై బొక్కెనలు తోడితే ఆపైన బురదే. బర్రెలు దప్పికతో అరుస్తున్నాయి, పాలు తగ్గాయి. ఇంకేం చేస్తుంది పాపం, లచ్చిని శనివారం నవీపేట పశువుల అంగడిలో అమ్మేద్దామనుకుంది. ఆమె చేతుల మీద పుట్టిన బర్రె అది.

పశువుల దవాఖాన కాంపౌండర్ దాసు పాలకోసం వచ్చినప్పుడు గోడు వెళ్లబోసుకుంది. "గీటి కడుపులు బావినే మింగుతున్నయ్ దాసన్నా."

"ఎన్ని బొక్కెనలు తాగుతున్నయో ఎంచినవా అక్కా?"

భీమవ్వ చెవులు మూసుకుంది. మూగజీవాలు తాగేది ఎంచితే దిష్టి తగులుతుందని అత్త చెప్పిన మాట. దాసు చర్చికి పోయే మనిషి, దిష్టిని నమ్మడు. అయినా వాదించలేదు, వాదిస్తే ఆమే గెలుస్తుందని ఆయనకు తెలుసు.

"తాగేది ఎంచకు. కడిగేది ఎంచు. బొక్కెనకొక చింతగింజ ముంతల ఎయ్యి."

మర్నాటి మాపటికి ముంతలో పద్దెనిమిది గింజలున్నాయి. భీమవ్వ రెండుసార్లు ఎంచింది. ముప్పైలో పద్దెనిమిది కడుగుడుకే పోతే బర్రెల నోటికి దక్కింది పన్నెండే. ఇన్నాళ్లూ తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి లచ్చి మెడ పట్టుకుని ఏడ్చింది. "నా తల్లీ, నీళ్లు మోరీల పోసి నిన్ను తిట్టిన."

ఆ తర్వాత కడుగుడు ఎట్లా తగ్గించాలో దాసునే అడిగి, ఆయన చెప్పినట్టే చేసింది. నీళ్లతో కడిగేది పొదుగు ఒక్కటే, ఒంటికి తడి గోనెపట్టా, కొట్టానికి చీపురు. కడుగుడు నాలుగు బొక్కెనలకు దిగింది. మిగతావన్నీ తొట్టిలోకే పోయాయి, బర్రెలు కడుపునిండా తాగాయి.

శనివారం తెల్లారి బేరగాడు ఆత్మారాం లచ్చిని తోలుకుపోవడానికి పలుపు పట్టుకుని వచ్చాడు.

"పలుపు వాపస్ తీస్కపో సేటూ. మా లచ్చి యాడికి పోదు," అంది భీమవ్వ.

ఆ సాయంత్రం తానే పాలచెంబు పట్టుకుని దాసు ఇంటికి వెళ్లింది. "సల్లంగుండు దాసన్నా. నా బర్రెను నిలబెట్టినవ్. సచ్చేదాక యాదిల పెట్టుకుంట."

దాసు చెంబులోకి చూశాడు. "గింత చిక్కగున్నయేందక్కా?"

భీమవ్వ తల దించుకుంది. "ఆరేండ్ల సంది నీ పాలల్ల దినాం గ్లాసెడు నీళ్లు కలిపిన అన్నా. ఇగ నాకు చెయ్యాడదు."

"నాకెరుకే," అన్నాడు దాసు నవ్వుతూ. "గా గ్లాసెడు గూడ లచ్చికే తాపు."