మండీలో అనకూడని మాట

రాజ్యలక్ష్మి బి.ఏ. ప్యాసైన సంగతికి ఆ ఇంట్లో రెండు రుజువులున్నాయి. ఒకటి నడవలో వేలాడే ఫోటో. నల్లగౌను వేసుకుని, చేతిలో చుట్టిన కాగితం పట్టుకుని, ఎవరినో కొట్టబోతున్నట్టు నిలబడి ఉంటుంది. రెండోది అత్తగారి నోరు. పప్పు మాడిన రోజున పుల్లమ్మ ముక్కు ఎగబీల్చి, "బి.ఏ. వాసన వస్తాండాది" అని పక్కింటికి వినపడేలా అనేది.

కర్నూలు పిల్ల కడపకు కోడలై వచ్చి అయిదేళ్లయింది. ఈ అయిదేళ్లలో ఆ డిగ్రీ చేసిన ఘనకార్యాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పసుపు మండీ నడిపే మామగారు రామకోటయ్యకు టెలిగ్రాములు చదివి పెట్టడం. దారిలో పసుపు బస్తాలు తడిసినప్పుడు ఆయన తరఫున, పెరట్లో కూర్చుని, రైల్వేవాళ్లకు ఇంగ్లీషులో ఉత్తరం రాయడం. అత్తగారి మందుసీసాల మీద అక్షరాలు చూసి తాగేదేదో, పూసేదేదో చెప్పడం. ఇందులో చివరిది ఒకసారి తారుమారైంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, పుల్లమ్మ తప్ప.

అందుకే యాభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో మరిది కేశవయ్య ఒక దరఖాస్తు ఫారం తెచ్చి చూపించగానే రాజ్యలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. మద్రాసులో కొత్తగా వ్యాపార కళాశాల పెట్టారట. వ్యాపారం ఎలా చేయాలో పాఠాలు చెబుతారట. అందులో చేరాలంటే ముందు ప్రవేశపరీక్ష రాయాలట.

"మూడు తరాలుగా యాపారం చేస్తాండాం. అది నేర్చుకునేదానికి మల్లా పరీచ్చా?" అన్నాడు రామకోటయ్య. కొడుకు ముఖం చూసి కాస్త మెత్తబడి, "సరే, ఒక్కసారి. తప్పినావంటే మారుమాట లేకుండా మండీలో కూసోవాల" అన్నాడు.

"నేను చదువు చెబుతా మామా" అంది రాజ్యలక్ష్మి తలుపు చాటు నుంచి. అన్నాక గానీ తెలియలేదు, పరీక్ష కేశవయ్యకొక్కడికే కాదని.

ఇంగ్లీషు వ్యాసాలు బాగానే నడిచాయి. చిక్కు లెక్కల్లో వచ్చింది. లాభం వచ్చే లెక్కలు కేశవయ్య కాగితం ముట్టకుండా చెప్పేవాడు. రెండో రకం లెక్క ఇస్తే మాత్రం పెన్సిలు కింద పెట్టేవాడు.

"వంద రూపాయలకు కొన్న పసుపు ఎనభైకి అమ్మితే ఏమొస్తుంది కేశవా?"

"ఎందుకు అమ్మాల వదినా? ఆగితే సరిపాయె. శ్రావణమాసానికి ధర లేస్తాది."

"లెక్కలో శ్రావణమాసం రాదు."

"మరి ఆ అమ్మినోడికి బుద్ధి యాడ పోయింది?"

పెన్సిలు దించడానికి కారణం ఆమెకు తెలియనిది కాదు. మండీలో ఆ మాట ఎవరూ అనరు. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు; 'లాభం, రెండు, మూడు' అంటారు. సరుకు అయిపోతే 'నిండుకుంది' అంటారు. కొన్నదానికన్నా తక్కువకు అమ్ముకోవలసి వస్తే 'లాభం తగ్గింది' అంటారు. అది తగ్గి తగ్గి సున్నాకు పది మెట్లు కిందికి దిగినా దాని పేరు లాభమే. కేశవయ్యకు మాటలు వచ్చిందే మండీలో. బడిలో కూడా ఆ రకం లెక్కలన్నీ వదిలేస్తూ వచ్చాడట. ఎస్.ఎస్.ఎల్.సి.లో లెక్కలకు ముప్పై ఆరు మార్కులే ఎందుకొచ్చాయో అప్పుడు అర్థమైంది.

రాజ్యలక్ష్మి చదువుకున్న మనిషి. మూఢనమ్మకాలను ఎలా వదిలించాలో ఆమె దగ్గర ఉపాయం ఉంది.

"తెలుగులో అనొద్దు. ఇంగ్లీషులో అను. లాస్. ఇంగ్లీషు మాటకు మన దేవుళ్లతో పరిచయం లేదు. మీ నాయనతోనూ లేదు."

మర్నాటి నుంచి పెరట్లో నీళ్లపొయ్యి పక్కన సాధన మొదలైంది. రోజుకు ఇరవైయొక్కసార్లు. మొదటి రోజు కేశవయ్య నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని, ఇంటివైపు వీపు తిప్పి, దొంగతనంగా బీడీ తాగేవాడిలా అన్నాడు. నాలుగోరోజుకు తుండుగుడ్డ తీశాడు. పదోరోజుకు స్నానం చేస్తూ కూడా అంటున్నాడు. రాజ్యలక్ష్మి ఆ ఉదయం నడవలో తన ఫోటో ముందు రెండు నిమిషాలు నిలబడింది. అద్దం మీద దుమ్ము కూడా తుడిచింది.

పరీక్ష ఇంకో వారం ఉందనగా, ఒక శుక్రవారం పొద్దున కేశవయ్య మండీలో కూర్చున్నాడు. ఇంకా బోణీ కాలేదు. కమలాపురంలో అంగడి పెట్టుకున్న ఓబన్న వచ్చి పసుపుకొమ్ము విరిచి చూసి, "నూర్రూపాయల సరుకు ఎనభైకి ఇస్తావా అప్పా?" అని నవ్వులాటకు అడిగాడు. అడిగింది అచ్చం వదిన ఇచ్చే లెక్కలాగే ఉండేసరికి, కేశవయ్య బడిపిల్లవాడిలా నిటారుగా కూర్చుని గట్టిగా చెప్పాడు.

"ట్వెంటీ పర్సెంట్ లాస్!"

ఓబన్నకు ఏమీ అర్థం కాలేదు. పక్కనే కూర్చున్న రామకోటయ్యకు అర్థమైంది. ఆయన లేచి ఓబన్నకు కాఫీ తెప్పించి, సాయంత్రం రమ్మని పంపించి, గుమ్మానికి పసుపునీళ్లు చల్లి, మండీ తలుపులు మూయించాడు. ముప్పై ఏళ్లలో శుక్రవారం నాడు ఆ తలుపులు మూయడం అదే మొదలు.

"మద్రాసూ లేదు గిద్రాసూ లేదు" అంటూనే ఇంట్లోకి వచ్చాడు. కేశవయ్య వెనకాలే వచ్చి గోడకు అతుక్కున్నాడు. "బోణీ కాకముందు, లక్ష్మీదేవి పటం ముందర! ఎవుడ్రా నీకు ఆ మాట నేర్పించింది?"

కేశవయ్య నేల చూశాడు. తను చెప్పకుండా నిలబడితే మరిది జీవితాంతం మండీలో కూర్చుంటాడు. చెబితే తన బి.ఏ. అటక ఎక్కుతుంది. రాజ్యలక్ష్మి చేతిలో గరిటె అలాగే పట్టుకుని బయటికి వచ్చింది.

"నేనే మామా."

"ఏం నేర్పించినావు?"

ఆమె దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంది. మాట అనేది గాలిలో పుట్టే శబ్దం. దానికి శుభమూ లేదు, అశుభమూ లేదు. ఇలాంటి భయాలు విద్యావంతులకు తగవు. పది రోజులుగా మరిదికి చెబుతున్నదే. నోరు తెరిచింది. మామగారి భుజం మీదుగా, ఇంట్లోని లక్ష్మీదేవి పటానికి వేసిన మల్లెపూల దండ కనపడింది. గడప మీద పొద్దున తను పెట్టిన కుంకుమబొట్టు ఇంకా తడి ఆరలేదు.

"అదే మామా... లాభం... తగ్గడం."



"నేర్పించిన మాట అది కాదు గదా. ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు రామకోటయ్య.

రాజ్యలక్ష్మి మళ్లీ నోరు తెరిచింది. మళ్లీ మూసింది.

ముందు నవ్వింది పుల్లమ్మ. "సూడండి సూడండి! బి.ఏ.కు గూడా రాకపాయె!"

"నీకూ బయమే అన్నమాట" అన్నాడు మామగారు.

"భయం కాదు మామా. శుక్రవారమని..."

రామకోటయ్య మీసం కదిలింది. పడక్కుర్చీలో కూలబడ్డాడు. "ఆ మాట నాకు తెలీదనుకుంటివా? బస్తాలు తడిసినప్పుడల్లా రైలోళ్లకు నువ్వు రాసే కాయితంలో ఉండేదేంది? కింద సంతకం పెట్టేదెవురు? పెరట్లో కూసోబెట్టి ఎందుకు రాయిస్తాననుకున్యావు?"

గాలి కోసమనుకుంది రాజ్యలక్ష్మి. అయిదేళ్లుగా గాలి కోసమే అనుకుంది. ఆ ఇంట్లో ఆ ఇంగ్లీషు మాటను తెచ్చిపెట్టింది తన చేతిరాతే. నడవలోని ఫోటో వైపు చూడటానికి మొహం చెల్లలేదు.

"సరే, ఇంగ వినుకోండి" అన్నాడు రామకోటయ్య. "పరీచ్చ మద్రాసులో గదా? ఆడ ఎన్నిసార్లయినా అనుకో, రాసుకో. కానీ రైలు రేణిగుంట దాటేదాకా నోరు తెరవగూడదు."

కేశవయ్య అక్షరాలా అలాగే చేశాడట. కడపలో రైలెక్కినప్పటి నుంచి రేణిగుంట దాకా పక్కనున్నవాళ్లు పలకరించినా మాట్లాడలేదు. పాపం మూగవాడనుకుని ఎవరో అరటిపండు ఇచ్చారు.

తిరిగొచ్చాక రాజ్యలక్ష్మి అడిగింది. "ఆ లెక్క వచ్చిందా?"

"అయిదింట్లో రెండు అవే వదినా."

"రాసినావా?"

"రాసినా." కేశవయ్య గొంతు తగ్గించాడు. "కొంచెం సన్న అచ్చరాలతో."

మూడు వారాలకు మద్రాసు నుంచి కవరు వచ్చింది. నడవలో అందరూ చేరారు. రాజ్యలక్ష్మి చింపి చూసి, "సీటు వచ్చింది!" అంది. పుల్లమ్మ ఆ మాటకు కోడలి వైపు చూసిన చూపులో మందుసీసాల సంగతి లేదు. అదే పెద్ద బిరుదనుకుంది రాజ్యలక్ష్మి.

"మొత్తం చదువు" అన్నాడు రామకోటయ్య.

ఆమె చదివి తెలుగులో చెబుతూ పోయింది. చేరవలసిన తేదీ, తెచ్చుకోవలసిన బట్టలు, హాస్టలు వేళలు. చివరి పేరా దగ్గర ఆగింది. విద్యార్థుల సామాన్లు పోతే ఆ లాస్‌కు కళాశాల బాధ్యత వహించదట.

"ఏందమ్మా ఆపినావు? అయిపాయెనా?"

రాజ్యలక్ష్మి కాగితం మడిచి, కొంగు సర్దుకుని లేచింది.

"ఇంకొక్క వాక్యం ఉండాది మామా. పెరట్లోకి రాండి, చదువుతా."