గుట్ట మీద రాయబారం

ఆ ఆదివారం పొద్దున సుకన్య రెండు అబద్ధాలు ఆడింది. రేణుకమ్మ ఇంటికి పోయి, "శ్యామలక్క వస్తలేదు, మనిద్దరమే పోదాం" అంది. శ్యామలమ్మ ఇంటికి పోయి, "రేణుకక్క వస్తలేదు, మనిద్దరమే పోదాం" అంది. రెండిళ్లలో వాడింది ఒకే అబద్ధం కాబట్టి లెక్కకు అది ఒకటే అవుతుందని తన మనసుకు తానే సర్దిచెప్పుకుంది.

పోయేది చందూర్ అవతల, సుకన్య తల్లిగారి ఊరి పక్కనున్న గుట్టకు. దసరా దాటింది కనుక గుట్ట నిండా సీతాఫలాలు కన్ను విప్పి పండడానికి వచ్చి ఉంటాయి. పండ్లు ఒక వంక మాత్రమే. అసలు సంగతేమిటంటే, సోమవారం పదిగంటలకు మహిళా సంఘం ఆఫీసులో ముగ్గురూ పక్కపక్కన కూర్చుని సంతకాలు పెట్టాలి. పెడితే నిజామాబాద్ బస్టాండు దగ్గర ఒక చిన్న కొట్టు వాళ్లదవుతుంది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు అమ్ముకోవచ్చు. ముగ్గురిలో ఒక్కరు తగ్గినా ఆ కొట్టు ఇంకో గుంపుకు పోతుంది. పన్నెండో ఏటి నుంచి బీడీలు చుడుతున్న సుకన్యకు ఇప్పుడు పొద్దున లేవగానే ముందు దగ్గు వస్తుంది, తర్వాతే మాట వస్తుంది. ఒళ్లోని తంబాకు చాట దింపెయ్యాలి, అంతకు మించి ఆమెకు కోరిక లేదు.

మరి అడ్డమేమిటంటే, మిగిలిన ఇద్దరికీ ఆరు నెలలుగా మాటల్లేవు. ఇరవై ఏళ్లు ముగ్గురూ సుకన్య అరుగు మీదే బీడీలు చుట్టారు. ఏప్రిల్‌లో రేణుకమ్మ తన కూతురు అఖిల పెండ్లి చేసింది. వాడకట్టులో అందరినీ బొట్టు పెట్టి పిలిచింది, శ్యామలమ్మకు మాత్రం ఫోన్‌లో కార్డు పంపింది. భర్త పోయిన దుఃఖంలో ఉన్న శ్యామలమ్మకు అది పుండు మీద కారమైంది. ఆమె పెండ్లికి పోలేదు. పిలిచే తీరు ఇదేనా అని ఈమె, ఎట్లా పిలిస్తేనేం రాకపోవడమేంటని ఆమె, బడిపిల్లల్లా కటీఫ్ చెప్పుకున్నారు. "ఆమె పక్కన కూసోని సంతకమా? నేను పెట్ట" అని ఇద్దరూ అక్షరం తేడా లేకుండా అన్నారు. అడకత్తెరలో పోకచెక్కలా నడుమ నలిగింది సుకన్యే.

బస్సు దాకా ఆమె పథకం బాగానే నడిచింది. ఆడవాళ్లకు టికెట్ లేని బస్సు, అందులో ఆదివారం, లోపల చీమ దూరే సందు లేదు. శ్యామలమ్మను ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆఖరి నిమిషంలో వచ్చిన రేణుకమ్మను వెనకకు తోసింది. నడుమ నిలబడ్డ జనమంతా తనను కాపాడడానికే ఎక్కారని సుకన్య దేవుడికి దండం పెట్టుకుంది. చందూర్ దాటాక గుట్ట మలుపు దగ్గర ముగ్గురే దిగారు. అక్కడ దాక్కోవడానికి చెరుకు తోట తప్ప ఇంకేమీ లేదు.

"ఈమె వస్తదని జెప్తే నేను వస్తుంటినా?" అని రేణుకమ్మ ఆకాశానికి చెప్పింది.

"నేను మాత్రం వస్తుంటినా? అడుగు ఆమెను" అని శ్యామలమ్మ చెరుకు తోటకు చెప్పింది.

"మళ్ల బస్సు మూడు గొట్టంగనే. అందాంక రోడ్డు మీద నిలవడ్తరా, గుట్టెక్కుతరా?" అంది సుకన్య.

ఎక్కారు. గట్టు మీద గడ్డి కోస్తున్న ఒకాయన, "గీడనే, పావుగంట" అన్నాడు. ఆయన పావుగంట గంట దాటినా తెగలేదు. రేణుకమ్మ బక్కపలుచని మనిషి, మేకలా ఎగబాకిపోయింది. శ్యామలమ్మ భారీ మనిషి, కూర్చోవడానికి వీలైన ప్రతి బండనూ పలకరిస్తూ వెనకబడింది. ఇద్దరికీ నడుమ నూరు గజాల దూరం, దాని మీద సుకన్య కిందికీ మీదికీ.

"బస్సుల గంటసేపు కూసున్నది సాలలేదా, ఇంకెంత కూసుంటదట? పోయి అడుగు" అంది రేణుకమ్మ.

సుకన్య దిగింది. "అక్కా, తొందరేం లేదట. మెల్లగ రమ్మంటున్నది."

శ్యామలమ్మ కళ్లు చిన్నవి చేసింది. "రేణుకనా? గట్లన్నదా?"

"ఒట్టక్కా."

"అయితే జెప్పు ఆమెకు. ఉరికెటోళ్లకు పండ్లు దొర్కయి, ముండ్లు దొర్కుతయని."

సుకన్య ఎక్కింది. "అక్కా, ముండ్లున్నయట. పైలంగ నడువమన్నది."

రేణుకమ్మ అడుగు కొంచెం నెమ్మదించింది. అది చూసి సుకన్యకు ఆశ పుట్టింది. ఆశ పుట్టిన మనిషికి అబద్ధం అలుపు తెలియనివ్వదు. "కాళ్లా, కట్టెలా అవి" అన్న మాట కిందికి వచ్చేసరికి "కాళ్లు నొస్తున్నయా" అయింది. "నా కాళ్ల సంగతి ఆమెకెందుకు" అన్న మాట మీదికి పోయేసరికి "నా గురించి ఫికర్ జెయ్యకుమను" అయింది. వాళ్లిద్దరూ ఒక గుట్ట ఎక్కితే సుకన్య అప్పటికే మూడు గుట్టలు ఎక్కినంత పనైంది. ఛాతీలో ఈల మోగుతోంది. ఇట్లా గజం గజం సాగితే సాయంత్రమైనా తేలదని, ఉన్నదంతా ఒకేసారి పందెం పెట్టేసింది.

"రేణుకక్కా, ఆమె ఏమంటున్నదంటే... నీ చేతి రొట్టె తిని ఆర్నెల్లాయెనట. శాన యాదికొస్తున్నదట."

రేణుకమ్మ నిలబడిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత, సుకన్య కలలో కూడా అనుకోని పని చేసింది. కిందికి వంగి తానే గొంతెత్తి అరిచింది.

"శ్యామలక్కా! నా రొట్టె యాదికొస్తున్నదన్నవా?"

"నేనెప్పుడన్న?" అని కింది నుంచి జవాబు వచ్చింది. "నీ రొట్టెలు అట్టముక్కల లెక్కుంటయని ఇరువై ఏండ్ల సంది జెప్తున్న గదా! నన్ను మెల్లగ రమ్మన్నది నువ్వేనా?"

"నేనా? కూసున్న కాన్నించి లేవమన్న!"

రెండు తలలూ కలిసికట్టుగా సుకన్య వైపు తిరిగాయి. "ఓసి దొంగదానా!" అని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. సుకన్య తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. నిజానికి తెరిచే వీలే లేదు, దగ్గు తెరలు తెరలుగా వచ్చి బండ మీద కూలబడింది. రేణుకమ్మ మీది నుంచి దిగింది. శ్యామలమ్మ కింది నుంచి, ఆ రోజంతా చూపని వేగంతో ఎక్కింది. ఒకామె నీళ్లు తాగించింది, ఒకామె వీపు నిమిరింది, ఇద్దరూ తిట్టారు. ఆరు నెలల్లో వాళ్లు ఒక మాట మీద నిలబడడం అదే మొదలు. సుకన్యకు ఆ తిట్లు పూలలా తగిలాయి.

ఆమె వంగిన వీపు మీదుగానే శ్యామలమ్మ అడిగింది. "ఊరందరికీ బొట్టు వెట్టినవు. నాకు ఫోన్ల కార్డు. అంత పరాయిదాన్నయిననా రేణుకా?"

రేణుకమ్మ నీళ్ల సీసా మూత బిగించింది. "వచ్చిన అక్కా" అంది. "కుంకుమ భరిణె వట్టుకోని నీ తలుపు కాడ నిలవడ్డ. బావ పోయి అప్పటికి నాలుగు నెల్లు గాలే. నీకు బొట్టు వెడ్తే నలుగురు ఏమంటరో. వెట్టకుంట పిలిస్తే నీ పాణం ఎంత సిన్నవోతదో. ఏది జేసినా తప్పే అనిపించె. తలుపు కొట్ట చేతులు రాలే. ఇంటికి వోయి ఫోన్ల పంపిన."

వీపు నిమిరే చెయ్యి ఆగింది. సుకన్య తల ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరూ మళ్లీ మూగవాళ్లవుతారేమోనని భయం.

"కొట్టాల్సింది గదనే" అంది శ్యామలమ్మ. "నేను ఏడుస్తుంటి. నువ్వు గూడ ఏడుస్తుంటివి. గంతే. బొట్టు ఎవలికి గావాలె? నువ్వు లోపలికి వస్తే సాలుతుండె."

ఇద్దరూ ఏడ్చారు, ఏప్రిల్‌లో ఏడవవలసింది అక్టోబర్‌లో ఏడ్చారు. సుకన్య కూడా ఏడ్చింది కానీ అది దగ్గు అని అబద్ధమాడింది.

ఇంక పండ్ల సంగతి అడగొద్దు. కోతులు ముందే వచ్చి ఊడ్చేసి పోయాయి. ముగ్గురూ గుట్టంతా వెతికితే ఏడు దొరికాయి, అందులో రెండు పచ్చివి. అయినా గుట్ట కొసన కూర్చుని, కింద చెరుకు తోటలనూ పండిన వరి మళ్లనూ చూస్తూ గింజలు ఉమ్ముకుంటూ తిన్నారు. కొట్టులో రొట్టెలు ఎవరు కాల్చాలన్న దాని మీద అక్కడే కొత్త తగాదా మొదలైంది. రేణుకమ్మ కాలిస్తే అట్టముక్కలే అమ్మాల్సి వస్తుందని శ్యామలమ్మ మొహం మీదే చెప్పింది. మొహం మీద చెప్పింది కాబట్టి సుకన్య హాయిగా నవ్వుకుంది.

మూడింటికి రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు శ్యామలమ్మ చెప్పుల్లోంచి రాళ్లు దులుపుకుంటూ అంది.

"రేపు పది గొట్టంగ గదా సంతకాలు. తొమ్మిదింటికే నా ఇంటికి రమ్మను. తలుపు తీసే ఉంచుత."

సుకన్య అలవాటు కొద్దీ ఆ మాట అందించడానికి పక్కకు తిరిగింది.

రేణుకమ్మ అప్పటికే "వస్త అక్కా" అంది.